నీరొచ్చేస్తన్నాది

ఇంటర్ అయ్యాక నేను చేరిన డిగ్రీ పేరు మా నాన్నకి చివరిదాకా నోరు తిరగలేదు. కంప్యూటర్ సైన్సూ భాషాశాస్త్రమూ కలిపి నాలుగేళ్ళ చదువు. విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీ ఆ ఏడే దాన్ని మొదలుపెట్టింది. నాన్న నౌపడలో రైల్వే పట్టాల పని చేసేవాడు. తోటివాళ్ళు "అమ్మాయి ఏటి సదువుతన్నాది?" అని అడిగితే "కంప్యూటరు" అని ఊరుకునేవాడు. ఇంటికొచ్చాక మాత్రం నన్ను నిలదీసేవాడు.

"బాస సదివితే పంతులమ్మవౌతావు. కంప్యూటరు సదివితే ఉద్యోగమొస్తాది. రెండూ కలిపి సదివితే ఏటౌతావే?"

నా తరఫున జవాబు చెప్పేది మా అత్త. నాన్నకి అక్క. "దాన్ని సదవనీరా. ఏటౌతాదో అయినాక సూద్దుము" అనేది.

అత్త మా ఇంట్లోనే ఉండేది. ఆమె భర్త ఉప్పు మడుల్లో పనిచేస్తూ నేను పుట్టకముందే ఒక తుఫానులో పోయాడు. పిల్లల్లేరు. మా అమ్మ నరసన్నపేట ఆసుపత్రిలో నర్సు. ఎప్పుడు డ్యూటీ పడేదో తెలిసేది కాదు కాబట్టి నాకు తల దువ్వింది, అన్నం పెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది అత్తే. ఆదివారం మా బాప్టిస్టు చర్చిలో ఆడవాళ్ళ కూడికలో ప్రార్థన చేసేదీ ఆమే. గోడవతల ఉన్న మనిషితో మాట్లాడినట్టు దేవుడితో మాట్లాడేది. "ప్రెబువా, నువ్వు సూస్తన్నావు గదా. సూసి ఊరకుంటే ఎలగ?" అని గద్దించేది. అందరూ కళ్ళు మూసుకునే నవ్వుకునేవారు. అత్త కూడా కళ్ళు తెరవకుండానే, "నవ్వండి, నవ్వండి. ఆయనకీ నవ్వొస్తాది" అనేది.

ఆ మాటతీరే నాదీ. హైస్కూల్లో ఒక టీచరు నన్ను నిలబెట్టి "చెప్పు" అని పలకమనేది. నేను "సెప్పు" అనేదాన్ని. క్లాసంతా నవ్వేది. కొన్నాళ్ళకి నేను సరిగ్గా పలకడం నేర్చుకున్నాను, ఇంటికొకటి బడికొకటిగా రెండు నోళ్ళు పెట్టుకున్నాను. అందుకే కాలేజీలో మొదటి వారం భాషాశాస్త్రం మాస్టారు చెప్పిన పాఠం నాకు ఇంకా గుర్తుంది. ఆయనది మా ప్రాంతం కాదు, కృష్ణా అవతల. బోర్డు మీద చ, స రెండూ రాసి, "మీ ఇళ్ళలో చ ఉండాల్సిన చోట స పలుకుతారు. అది తప్పు కాదు, బద్ధకమూ కాదు. దానికో క్రమం ఉంది. ఎక్కడ మారుతుందో, ఎక్కడ మారదో మీరే కనిపెట్టవచ్చు" అన్నారు. తర్వాత, "ఇంట్లో అలా మాట్లాడేవాళ్ళు ఎవరు?" అని అడిగారు.

ఎవరూ చెయ్యెత్తలేదు. మా బెంచీ చివర కూర్చున్న అమ్మాయి ఒక్కతే ఎత్తింది. "నానేనండి" అంది గట్టిగా. అప్పుడు నేనూ ఎత్తాను.

ఆ అమ్మాయిది నెల్లిమర్ల. వాళ్ళ నాన్న జూట్ మిల్లులో పనిచేసి, మిల్లు మూసినప్పుడల్లా ఆటో నడిపేవాడు. రోజూ ఇంటి నుంచే వచ్చి వెళ్ళేది. నేను హాస్టల్లో ఉండేదాన్ని. ఆ వారంలోనే ప్రోగ్రామింగ్ ల్యాబులో ఒక మాటని తిరగేసి చూపించే ప్రోగ్రాం రాయమన్నారు. ఇంగ్లీషు మాటలకి బాగానే పనిచేసింది. నేను తెలుగులో మా జిల్లా పేరు పెట్టి చూశాను. అక్షరాల మీది గుడులూ దీర్ఘాలూ విడిపోయి, మరో అక్షరానికి అతుక్కుని, ఏ భాషకీ చెందని మాటొకటి వచ్చింది. నేను తెల్లబోయి చూస్తుంటే ఆమె పక్కకొచ్చి, "దానికి అక్షరం తెలీదే. ముక్కలే తెలుసు. మనమే సెప్పాల, ఏ ముక్క ఏ ముక్కతో ఉండాలో" అంది. సాయంత్రం దాకా కూర్చుని ఇద్దరం దాన్ని సరిచేశాం.

మూడేళ్ళు అలాగే గడిచాయి. క్లాసులో సగం మంది మొదటి ఏడాదే వేరే కోర్సులకి మారిపోయారు. మేం మారలేదు. కోడు ఆమెకి వేగంగా వచ్చేది. మాటని విని ఏ ధ్వని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పట్టుకోవడం నాకు బాగా వచ్చేది. పరీక్షలకి ఒకరి సబ్జెక్టు ఒకరికి చెప్పుకునేవాళ్ళం. సెలవులకి ఆమె నౌపడ వచ్చేది. అత్త ఆమెని పేరు పెట్టి పిలవలేదు ఎప్పుడూ. "నెల్లిమర్లా, ఇలగ రా, తల దువ్వుతాను" అనేది. నాకు దువ్విన దువ్వెనతోనే ఆమెకీ దువ్వేది.

మూడో ఏడాది ప్రాజెక్టు మేమిద్దరం కలిసి ఎంచుకున్నాం. మాటని విని అక్షరాలుగా మార్చే పరికరాలు మా వైపు మాటని అర్థం చేసుకోవు. రైతులు ఫోన్లో అడిగితే జవాబు చెప్పే సర్వీసు ఒకటి అప్పట్లో కొత్తగా వచ్చింది. మా పక్కింటి రైతు దాంట్లో "మడికి నీరు నేదు" అన్నాడు. తెర మీద "మడికి నీరు నేడు" అని పడింది. లేదన్న మాట ఈ రోజైపోయింది. ఆయన మళ్ళీ అరిచి చెప్పాడు, మళ్ళీ అదే. "ఏటి సేస్తాము" అంటే అదేదో నదిలో చేసే పని అనుకుంది. ఇది బాగుచేద్దామని మేం అనుకున్నాం. మాస్టారు కూడా చాలా సంతోషించారు.

మనుషుల మాటలు రికార్డు చెయ్యాలి కాబట్టి ముందు వాళ్ళ అనుమతి అడగాలి. ఆ అడిగే మాటలు రాసింది నా స్నేహితురాలే. పుస్తకం భాషలో కాకుండా మా మాటల్లో రాసింది. ప్రతి ఇంట్లో తనే చదివేది. "మీ మాట ఫోనుకి నేర్పడానికే రికార్డు సేస్తన్నాము. ఇంకెందుకూ వాడము. మీకు ఇష్టం నేకపోతే ఎప్పుడైనా తీసెయ్యమని సెప్పొచ్చు." అత్త ముందు కూర్చునీ అలాగే చదివింది.

అత్త నావైపు చూసింది. "మంచికే గదే?"

"మంచికే అత్తా."

"అయితే అడగండి."

ఉప్పు పండించడం గురించి చెప్పమన్నాం. నీరు పెట్టడం, గట్లు తొక్కడం, ఉప్పు లాగడం, కుప్ప పొయ్యడం, కాళ్ళు పగలడం అన్నీ చెప్పింది. వానకి తడవకుండా కుప్పల మీద తాటాకు కప్పుతారని చెబుతూ, ఆ మాట మీదుగానే తుఫాను రోజుకి వెళ్ళిపోయింది. మేం అడగలేదు. ఆ పొద్దున్న గాలి మొదలయ్యాక ఆమె భర్త కుప్పలు కప్పడానికి వెళ్ళాడు. ఉప్పుటేరు పొంగడం గట్టు మీద నిలబడ్డ అత్తకి కనిపించింది, కిందున్న ఆయనకి కనిపించలేదు. "గట్టు మీంచి పిలిసినాను" అంది. అని ఊరుకోలేదు. పిలిచింది. మా వరండాలో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మాకు అటువైపు ఎవరో ఉన్నట్టు చూస్తూ పిలిచింది.

"బేగి వచ్చీయ్! నీరొచ్చేస్తన్నాది! నీరొచ్చేస్తన్నాది!"

నేను పుట్టి బుద్ధెరిగాక ఆమె నోట ఆ గొంతు వినలేదు. పక్కింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చి చూశారు. అత్త కొంగుతో మొహం తుడుచుకుని, "గాలికి ఇనబడనేదు" అంది. నా స్నేహితురాలు ఏడ్చేసింది. అత్త లేచి ఆమె తల మీద చెయ్యి వేసి, "ఏడవకే నెల్లిమర్లా. ఎప్పటి మాటో. లెగు, అన్నం తిందుము" అంది.

తిరిగి వెళ్ళేటప్పుడు రైల్లో ఆమే ఆ సంగతి ఎత్తింది. "ఆ ముక్క పక్కన పెట్టీద్దుము. అది ప్రాజెక్టులో వద్దు. ఎవరికీ ఇనిపించొద్దు." నేను అనాల్సిన మాట ఆమే అన్నందుకు నాకు ఆమె మీద ఇష్టం ఇంకా పెరిగింది.

అయినా ఆ ముక్కని నేను పూర్తిగా వదల్లేదు. ధ్వని బొమ్మగా కనిపించే తెర మీద పెట్టి, ప్రతి అక్షరం దగ్గరా గుర్తులు పెట్టాను. "నీ" ముందు అత్త తీసుకున్న ఊపిరి, "స్తన్నాది" దగ్గర గొంతు చీలడం నాకు కంటితో కూడా తెలుసు.

నాలుగో ఏడాది మొదట్లో ఆమెకి విశాఖపట్నంలో ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్ వచ్చింది. యంత్రం చేత మనిషిలా మాట్లాడించే కంపెనీ. మాస్టారే ఇప్పించారు. నేను కాలేజీలోనే ఉండి మా మాటల పదకోశం పని చూసుకున్నాను. ఆమె ఫోన్లు తగ్గాయి. చేసినప్పుడు "ఏటే" అనడం పోయి "ఏంటి" వచ్చింది. ఆఫీసులో అలవాటైపోయిందని నవ్వేది. నేనూ నవ్వాను.

మా హాస్టల్లో పొద్దున్న కాసేపే నీళ్ళొచ్చేవి. ఆ వేళకి అందరూ బకెట్లు పట్టుకుని లేవాలి. ఒకరోజు నేను పళ్ళు తోముకుంటుంటే పక్క గదిలో అలారం మోగింది. ముందు డప్పు దరువు. తర్వాత ఒక ఆడగొంతు.

"లెగండి, బేగి లెగండి! నీరొచ్చేస్తన్నాది! నీరొచ్చేస్తన్నాది!"

వరండాలో ఉన్న అమ్మాయిలందరూ పగలబడి నవ్వారు. ఒకమ్మాయి బకెట్టు వాయిస్తూ అదే మాట ఆ గొంతుతోనే అంది. నేను నోట్లో నురుగుతో ఆ గదిలోకి వెళ్ళాను. ఫోను గల అమ్మాయి మా జూనియర్. "శ్రీకాకుళం ఆంటీ అలారం అక్కా. మీకు తెలీదా? అందరూ పెట్టుకుంటున్నారు" అని, నాకు నచ్చిందనుకుని మళ్ళీ మోగించింది. ఇంకో నాలుగు రకాలు కూడా ఉన్నాయని చూపించింది. అన్నం తినమని తిట్టేది, చదువుకోమని తిట్టేది. ఆ మాటలేవీ అత్త అన్నవి కావు. గొంతు మాత్రం అత్తది. నీరొచ్చే మాట దగ్గర అదే ఊపిరి, అదే చీలిక.

ఆ రోజు ఆదివారం. నా స్నేహితురాలు ఇంట్లో ఉంటుందని తెలిసి ఆటో ఎక్కి నెల్లిమర్ల వెళ్ళాను. వాళ్ళమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చి, "ఎన్నాళ్ళకొచ్చినావమ్మా! సిక్కిపోనావు. కూకో, టీ పెడతాను" అని వంటింట్లోకి వెళ్ళింది. మేమిద్దరం డాబా మీదకి వెళ్ళాం.

"ఆ అలారంలో గొంతు ఎవరిదే?" అన్నాను.

ఆమె బుకాయించలేదు. "మీ అత్తదే. కానీ రికార్డింగ్ కాదు, దాన్ని విని నేర్చుకున్న మోడల్ పలుకుతోంది."

"ఎవరికీ ఇనిపించొద్దని నువ్వే అన్నావు."

"వాళ్ళు ఎమోషన్ ఉన్న గొంతు అడిగారు. మన దగ్గరున్నవన్నీ మెల్లగా మాట్లాడినవే. గట్టిగా ఉన్నది అదొక్కటే. అదిచ్చాను."

"గట్టిగా ఉన్నదా? ఆ మనిసి పోనాడే. నువ్వు ఏడ్సినావు ఆ రోజు."

ఆమె కిందికి చూసింది. "అలారం చేస్తారని నాకు తెలీదు. తెలిసేసరికి అయిపోయింది."

"తెలిసినాక నాకేల సెప్పనేదు?"

ఆమె పిట్టగోడ సున్నం గోటితో గీకింది. తర్వాత తలెత్తి, ఇంటర్వ్యూలో చెప్పినట్టు నెమ్మదిగా అంది. "అందరికీ నచ్చిందది. మన యాస ఇన్నాళ్ళకి అందరి ఫోన్లలోకీ వచ్చింది. మనం కోరుకున్నది అదే కదా?"

మొదటి క్లాసులో నాకంటే ముందు చెయ్యెత్తిన అమ్మాయి ఆ మాట అంది. వాళ్ళమ్మ టీ పట్టుకుని మెట్లెక్కుతున్న చప్పుడు వినబడింది. నేను ఆమె పక్కనుంచే కిందికి దిగిపోయాను.

మర్నాడు మాస్టారి గదికి వెళ్ళాను. ఆయన నా మాట పూర్తిగా విన్నారు. అది నాకు గుర్తుంది, ఎందుకంటే వింటున్నంతసేపూ ఆయన ఆశ్చర్యపోలేదు. "ప్రాజెక్టులో రికార్డు చేసినవన్నీ కాలేజీవమ్మా. కంపెనీ అడిగింది, ఇచ్చాం. వాళ్ళు మన పిల్లల్ని తీసుకుంటున్నారు" అన్నారు.

"ఇంకెందుకూ వాడమని ఇంటింటికీ సెప్పాము సార్."

నా నోట "సెప్పాము" అని వచ్చేసింది. ఆయన సన్నగా నవ్వారు. దురుద్దేశంతో నవ్వారనను. కానీ అది మా హైస్కూలు క్లాసు నవ్వే. "హాస్యం అన్నాక అలాగే ఉంటుంది. ఏ యాసకైనా ఆ దశ తప్పదు. నువ్వు దీన్ని మరీ మనసుకి తీసుకోకు" అన్నారు. మా మాట తప్పు కాదని నాకు మొదట చెప్పిన మనిషి ఈయనే. అది ఆయనకి పాఠం మాత్రమేనని ఆ రోజు తెలిసింది. నేను దాన్ని బతుకులోకి తెచ్చుకున్నాను.

అత్తకి ఎవరో చెప్పేలోగా నేనే చెప్పాలని ఆ సాయంత్రమే రైలెక్కాను. ఆలస్యమైపోయింది. అత్త వరండాలో బెండకాయలు తరుగుతోంది. నన్ను చూసి కత్తి పక్కన పెట్టింది.

"ఇన్నాను" అంది. "సర్చిలో పిల్లల ఫోన్లో. ఆలకి నాదని తెలీదు. నాకు తెలిసిపోనాది."

నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. జరిగిందంతా చెప్పాను. స్నేహితురాలి పేరు రాగానే నన్ను ఆపింది.

"నెల్లిమర్ల గుంటా? ఆ పిల్ల ఇచ్చీసినాదా?"

"అదే అత్తా."

"ఏడ్సినాది గదే ఆ రోజు." కాసేపు గట్టిగా కళ్ళు మూసుకుంది. "నవ్వులాటకి సెప్పినానేటి ఆ మాట?"

"నేదు అత్తా."

"మంచికే అన్నావు."

ఆ తర్వాత ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆమె నమ్మింది నన్ను. నేను నమ్మింది ఇంకొకరిని. వాళ్ళు చేసిన పనికి నా మాట అబద్ధమైపోయింది, దాన్ని సరిచేసుకునే దారి నాకు లేకుండా పోయింది.

ఆ వారం నేను ఇంట్లోనే ఉన్నాను. ఆదివారం చర్చిలో ఆడవాళ్ళ కూడికలో అత్తనే ప్రార్థన చెయ్యమన్నారు. లేచి నిలబడింది. ఎప్పటిలా మొదలుపెట్టబోయి ఆగింది. తర్వాత బైబిల్లో అచ్చయిన భాషలో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, "ప్రభువా, నీవు చూచుచున్నావు" అంది. చ దగ్గర ఆగి, సరిగ్గా పలికి, ముందుకెళ్ళింది. రెండు మూడు వాక్యాలే. కూర్చుంది. ఎవరూ నవ్వలేదు. అంతమంది ఆడవాళ్ళలో ఒకరికీ ఆమేన్ అనడం గుర్తు రాలేదు. నేను కళ్ళు తెరిచి చూశాను. అత్త అరచేతులు చూసుకుంటోంది.

తిరిగి వెళ్ళి కంపెనీకి రాశాను, కాలేజీకి రాశాను, ఊరుకోకుండా రాశాను. అమ్మ కూడా ఒకసారి డ్యూటీ మానుకుని వచ్చి ప్రిన్సిపాల్‌తో మాట్లాడింది. చివరికి ఆ అలారం తీసేశారు. కొన్నాళ్ళకి అదే డప్పుతో, అవే మాటలతో వేరే గొంతు పెట్టారు. అప్పటికే దింపుకున్న వాళ్ళ ఫోన్లలో పాతది అలాగే ఉండిపోయింది. ఒకసారి బస్సులో నా వెనక సీటులో మోగింది. నేను చెవులు మూసుకున్నాను.

ప్రాజెక్టులోంచి అత్త మాటలన్నీ తీసెయ్యమని అడిగాను. మాస్టారు ఒప్పుకున్నారు. సెలవులకి వెళ్ళినప్పుడు నా లాప్‌టాప్‌లో ఉన్నవి అత్త ముందే చెరిపాను. ఉప్పు గురించి చెప్పినవీ, నవ్వినవీ కూడా. అన్నీ పోవాలంది.

"పోనాయా?"

"ఇక్కడ పోనాయి."

"ఆ మిసను బుర్రలోంచో?"

అది ఎలా పనిచేస్తుందో నేను మూడేళ్ళు చదివాను. విన్న గొంతుని అది విడిగా ఒక మూల పెట్టుకోదు. తనలో కలిపేసుకుంటుంది. మళ్ళీ విడదీసి తియ్యడం మాకెవరూ నేర్పలేదు.

"అది నా సేతిలో నేదు అత్తా" అన్నాను.

అత్త తలూపి లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత నేను ఫోన్ చేసినప్పుడు ఒకటి రెండు మాటలే మాట్లాడేది. ఆ రెండూ కూడా జాగ్రత్తగా, పంతులమ్మ ముందు నిలబడ్డట్టు.

చివరి సెమిస్టరు ప్రాజెక్టు నేను ఒంటరిగా చేశాను. గొంతులు లేని పని ఎంచుకున్నాను. రాసిన మాటల్లో తప్పులు దిద్దే ప్రోగ్రాం. మార్కులు బాగానే వచ్చాయి. నా స్నేహితురాలికి అదే కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది. ఒకసారి పెద్ద మెసేజి పంపింది, క్షమించమని. మొత్తం పుస్తకాల తెలుగులో ఉంది. ఒక్క "ఏటి" గానీ "నేదు" గానీ లేదు. నేను జవాబివ్వలేదు.

పట్టాలిచ్చే రోజు నల్ల గౌన్లు వేసుకుని వరండాలో నిలబడ్డాం. ఆమె నాకు కొంచెం దూరంలో ఉంది. జనంలోంచి వాళ్ళమ్మ నన్ను చూసి పరుగున వచ్చింది. ఆమెకి ఏమీ తెలియదు. కూతురు చెప్పి ఉండదు. డబ్బాలోంచి లడ్డూ తీసి నా నోట్లో పెట్టింది.

"మా గుంట ఉద్యోగం నీ సలవేనమ్మా. నువ్వు నేకపోతే దీనికి ఆ సదువు అయ్యేదేటి? మీ అత్తని కూడా తేవలసినాది. బాగున్నాదా?"

ఆమె భుజం మీదుగా నా స్నేహితురాలు నావైపు చూస్తోంది. ముఖం పాలిపోయింది. నేను చెప్పేస్తానని భయపడిందో, చెప్పాలనే కోరుకుందో తెలియదు. నా నోటినిండా లడ్డూ ఉంది. మింగి, "బాగున్నాది" అన్నాను.

ఇంకోటి పెట్టబోతే వద్దన్నాను. లోపలి నుంచి మా వరస పిలిచారు. గౌను సర్దుకుని వెళ్ళి నిలబడ్డాను.